యూనియన్‌లో చేరితే ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ మెసేజ్‌లూ చూస్తే ఊళ్లు వేరు, పనులు వేరు, భయం మాత్రం ఒకటే. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి ఈసారి పేజీ అంతా దీనికే ఇచ్చేశా. మనుషుల పేర్లు గానీ కంపెనీల పేర్లు గానీ వెయ్యట్లేదు, వెయ్యమన్నవాళ్లవి కూడా.

ప్రశ్న: సార్, నేను ఒక ఆటో పార్ట్స్ ఫ్యాక్టరీలో సీఎన్‌సీ మెషిన్ మీద చేస్తున్నా, పర్మినెంటే. పర్మినెంట్ వాళ్లం 350 మందిమి, కాంట్రాక్టు వాళ్లు మాకంటే ఎక్కువే ఉంటారు. పోయినేడాది ఒక లైన్ తీసేసి అక్కడివాళ్లని దూరంగా వేరే ప్లాంటుకి ట్రాన్స్‌ఫర్ చేశారు, వెళ్లలేనివాళ్లు మానేశారు, అప్పట్నుంచి అందరికీ గుండెల్లో రైళ్లు పరిగెడుతున్నాయి. ఇప్పుడు కొంతమంది కలిసి యూనియన్ పెడుతున్నారు, ఫారాలు పంచుతున్నారు. అది తెలిసిన వారానికే మేనేజ్‌మెంట్‌కి దగ్గరగా ఉండే బ్యాచ్ ఒకటి మేమూ యూనియన్ పెడుతున్నాం మాది గొడవల్లేని యూనియన్ అని బయల్దేరింది. హెచ్ఆర్ వాళ్లు ఒక్కొక్కర్నీ పిలిచి నీకు మంచి ఫ్యూచర్ ఉంది వాళ్లతో తిరగకు అంటున్నారు. సూపర్‌వైజర్ అయితే యూనియన్ వస్తే కంపెనీకి తాళమే అని ఓపెన్‌గా అనేస్తున్నాడు. షిఫ్ట్‌లో ఒకరితో ఒకరికి మాటల్లేవు, నాతోపాటు అప్రెంటిస్‌గా చేరినోడు నన్ను పిరికోడంటున్నాడు, ఇంట్లోనేమో ఈఎంఐలు పెట్టుకుని నీకెందుకు ఇవన్నీ అంటున్నారు. చేరాలా వద్దా? చేరితే తీసేస్తారా?

జవాబు: తమ్ముడూ, ముందు రెండో ప్రశ్న సంగతి చూద్దాం, అది తేలకపోతే మొదటిదానికి నేనేం చెప్పినా నీకు ఎక్కదు. యూనియన్‌లో చేరినందుకు ఉద్యోగంలోంచి తియ్యడానికి చట్టం ఒప్పుకోదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లో రెండో షెడ్యూల్ అని ఒకటుంది, అంతకుముందు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో అదే అయిదో షెడ్యూల్‌గా ఉండేది. మేనేజ్‌మెంట్ చెయ్యకూడని పనుల జాబితా అది. యూనియన్‌లో చేరితే తీసేస్తామని బెదిరించడం, మూసేస్తామని బెదిరించడం, సరిగ్గా యూనియన్ మొదలయ్యే టైమ్ చూసి జీతాలు పెంచి దాన్ని నీరుగార్చడం, తమకి కావాల్సిన యూనియన్‌ని తామే పెట్టించడం, అర్హత లేకపోయినా కొందరికి ప్రమోషన్లిచ్చి మిగతావాళ్లలో చిచ్చు పెట్టడం. మీ ఫ్యాక్టరీలో కూర్చుని రాశారేమో అనిపిస్తుంది చదివితే.

అయితే "యూనియన్‌లో చేరాడు కాబట్టి తీసేస్తున్నాం" అని ఏ హెచ్ఆరూ కాగితం మీద పెట్టడు. నిన్నటిదాకా ఎవరూ పట్టించుకోని వాటికి మెమోలు మొదలవుతాయి. పంచింగ్ లేటు, మెషిన్ దగ్గర ఫోను, సేఫ్టీ గ్లాసులు పెట్టుకోలేదు, రిజెక్షన్ ఎక్కువొచ్చింది. ఈ రిజెక్షన్ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు, ఇన్సర్ట్ (లోహాన్ని కోసే టూల్ మొన) అరిగిపోయింది మార్చండి అని నోటితో చెప్తావు, స్టోర్స్‌లో లేదు ఈ షిఫ్ట్‌కి లాగించు అంటారు, బోర్ సైజు తప్పి పీసులు పక్కకి పోతాయి, షిఫ్ట్ చివర రిపోర్టులో ఆపరేటర్ అన్నచోట నీ పేరొక్కటే ఉంటుంది, స్టోర్స్ పేరు ఉండదు. కొన్నాళ్లాగి అదే రిపోర్టు చార్జిషీట్‌కి జతవుతుంది. అందుకని చేరినా చేరకపోయినా రేపట్నుంచి ఒక పని చెయ్యి, అరిగిన టూల్ గురించి లాగ్‌బుక్‌లో టైమ్ వేసి రాయి, లాగ్‌బుక్ ఇవ్వకపోతే సూపర్‌వైజర్‌కి వాట్సాప్ పెట్టు. నోటిమాటకి ఎంక్వయిరీలో విలువ లేదు. మెమో ఇస్తే తీసుకో, తీసుకోనని మొండికేస్తే అదింకో తప్పు కింద రాస్తారు. గడువులోపల జవాబు రాసిచ్చి, అందినట్టు కాపీ మీద సంతకం పెట్టించుకో. తెల్లకాగితం మీద మాత్రం ఎవరడిగినా సంతకం పెట్టకు. సస్పెండ్ చేసి ఇంట్లో కూర్చోబెట్టినా మొదటి 90 రోజులు సగం జీతం, ఎంక్వయిరీ ఆలస్యానికి కారణం నువ్వు కాకపోతే ఆ తర్వాత 75 శాతం ఇవ్వాలి, 300 మంది గానీ అంతకుమించి గానీ ఉన్న చోట ఇది స్టాండింగ్ ఆర్డర్ల (అంటే కంపెనీ రాతపూర్వక సర్వీసు నియమాల) లెక్కలోకే వస్తుంది, మీది ఆ సైజే.

ఇక తాళం సంగతి. మీలాగ 300 మంది కార్మికులున్న ఫ్యాక్టరీ మూసెయ్యాలంటే ముందే ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకుని పర్మిషన్ తెచ్చుకోవాలి. ఇదివరకు 100 మంది ఉన్నా చాలు ఆ రూలు వర్తించేది, కొత్త కోడ్‌లో దాన్ని 300 చేశారు, ఇది కార్మికుడికి నష్టమేనని నా అభిప్రాయం. పైగా 60 రోజుల్లో ప్రభుత్వం ఏమీ తేల్చకపోతే పర్మిషన్ ఇచ్చినట్టే లెక్క. అంటే సూపర్‌వైజర్ అన్నంత సుళువుగా తాళం పడదు, అలాగని అస్సలు పడదని కూడా నేను రాసివ్వలేను. కంపెనీకి నిజంగా వెళ్లిపోవాలనుంటే యూనియన్ లేకపోయినా వెళ్తుంది, పోయినేడాది మీ లైన్ తీసేసినప్పుడు యూనియన్ ఏదీ మరి? తేడా అల్లా అప్పుడు ఎంతిస్తారు, ఎవర్ని ముందు పంపుతారు, ట్రాన్స్‌ఫర్ వద్దన్నవాళ్లకి ఏంటి దారి అని అడగడానికి ఎవరో ఒకరు ఉంటారా లేదా అన్నదే. ఉద్యోగం గ్యారంటీ అని ఏ యూనియన్ లీడరైనా చెప్తే ఆ మనిషిని నమ్మకు.

పెద్దవాళ్లు బొంబాయి మిల్లుల సంగతి చెప్పి భయపెడతారు, నీకూ ఎవరో చెప్పే ఉంటారు. 1982 జనవరిలో దత్తా సామంత్ అనే యూనియన్ నాయకుడి వెనక దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెలోకి వెళ్లారు, ఆ సమ్మెని అధికారికంగా విరమించిందే లేదు, చాలా మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు, వేలకివేల కుటుంబాలు రోడ్డున పడ్డాయి. నిజమే. కానీ ఆ కథలో ఒక ముక్క ఎవరూ చెప్పరు. అక్కడి చట్టం ప్రకారం గుర్తింపు ఉన్న యూనియన్ వేరే, కార్మికులు నమ్మి వెళ్లింది వేరే మనిషి వెంట, ఆ గుర్తింపు పద్ధతి మార్చాలన్నది కూడా వాళ్ల డిమాండ్లలో ఒకటి. మాట్లాడే హక్కున్న వాళ్లని కార్మికులు నమ్మలేదు, నమ్మినవాడితో మాట్లాడటానికి సర్కారు సిద్ధపడలేదు. అలాంటి సమ్మె ఇక తెగేదెట్లా?

నువ్వు రాసిన రెండు యూనియన్ల గొడవ కూడా సరిగ్గా అక్కడికే వస్తుంది చూడు. ఒకేచోట ఒకటి కంటే ఎక్కువ యూనియన్లుంటే, మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) ఉన్న కార్మికుల్లో 51 శాతం మంది ఎవరివైపు ఉంటే మేనేజ్‌మెంట్‌తో బేరమాడే హక్కు వాళ్లొక్కరిదే. ఎవరికీ అంత రాకపోతే 20 శాతం దాటిన యూనియన్ల ప్రతినిధులతో కౌన్సిల్ వేస్తారు. 51 శాతం అంటే మీ 350 మందిలో 179 మంది అన్నమాట. నువ్వు ఎటూ చేరకుండా మధ్యలో కూర్చుంటే నా మానాన నేనున్నా అనుకుంటావు, లెక్కలో మాత్రం ఆ 179 తగ్గడానికి నువ్వూ ఒక చెయ్యి వేసినట్టే, రేపు నీ జీతం సంగతి ఆ గొడవల్లేని యూనియన్ వాళ్లు మాట్లాడి వస్తారు. రిజిస్ట్రేషన్‌కి అయితే అంతమంది అక్కర్లేదు, పదిశాతం గానీ వందమంది గానీ ఏది తక్కువైతే అది సభ్యులుగా ఉంటే చాలు, ఏడుగురికి మాత్రం తగ్గకూడదు.

కాబట్టి నా మాట అడిగావు గనక చెప్తున్నా, చేరు. కానీ ఫారం నింపే ముందు ఒక గంట కూర్చుని వాళ్లని నాలుగు అడుగు. చందా ఎంత, రసీదిస్తారా, లెక్కలు సభ్యులు చూడొచ్చా. ఆఫీస్ బేరర్లలో మీ ఫ్యాక్టరీ వాళ్లు ఎంతమంది, బయటివాళ్లు ఎంతమంది (బయటివాళ్లు మూడోవంతుకి గానీ అయిదుగురికి గానీ, ఏది తక్కువైతే దానికి మించకూడదు). సమ్మెకి వెళ్లాలంటే అందరూ ఓటేస్తారా లేక లీడర్ గేటు దగ్గర మైకులో చెప్తే సరిపోతుందా. కాంట్రాక్టు వాళ్ల సంగతి ఏం చేస్తారు. ఈ ఆఖరి ప్రశ్నకి నీళ్లు నమిలితే మాత్రం జాగ్రత్త, మీ దగ్గర వాళ్లే ఎక్కువమంది అని నువ్వే రాశావు, సగం మిషన్లు వాళ్లతో నడుస్తుంటే పర్మినెంట్ వాళ్లు మాత్రమే ఉన్న యూనియన్ మాటకి మేనేజ్‌మెంట్ దగ్గర ఎంత బరువుంటుంది. ఫారాలు పంచే కొత్తల్లో ముందువరసలో నువ్వే నిలబడాలని రూలేం లేదు, ఈఎంఐలు ఉన్నోడు మామూలు సభ్యుడిగా ఉండి చందా కట్టి మీటింగులకి వెళ్లినా అది చేరినట్టే. వివాదం నడుస్తుండగా అదనపు రక్షణ ఉండే ప్రొటెక్టెడ్ వర్కర్లు మీ సైజు ఫ్యాక్టరీలో అయిదుగురే ఉంటారు, ముందువరస వాళ్లు ఆ గుర్తింపు కోసం అప్లై చేశారో లేదో అడుగు.

నిన్ను పిరికోడన్న ఫ్రెండ్‌కి కూడా ఒక మాట. బాబూ, ఇల్లు గడవాలని భయపడేవాణ్ణి పిరికోడంటే వాడు వచ్చి నీ పక్కన నిలబడడు, వెళ్లి అవతలి యూనియన్ ఫారం నింపుతాడు.

ప్రశ్న: నేను యూనియన్‌లో పాత మెంబర్ని సార్. ఈసారి అగ్రిమెంట్ కోసం ఏడాదిన్నర తిరిగాం, గేటు మీటింగులు, లేబర్ ఆఫీసులో వాయిదాలు, ఒకరోజు జీతం కోత కూడా పడింది. చివరికి జీతాలు పెరిగాయి. ఒక్కరోజు కూడా మాతో రానివాళ్లకీ అదే పెరిగింది, పైగా వాళ్లే ముందు ఎరియర్స్ ఎప్పుడేస్తారు అని అడుగుతున్నారు. వీళ్లతో మాట్లాడొద్దని, చేరేదాకా వదలొద్దని మావాళ్లు తీర్మానం చేద్దామంటున్నారు. తప్పా?

జవాబు: కడుపుమంట అర్థమైంది. కానీ ఆ తీర్మానం చెయ్యొద్దు. ముందు చట్టం సంగతి, పైన చెప్పిన రెండో షెడ్యూల్‌లో రెండో సగం యూనియన్లకే రాశారు, చేరమనిగానీ చేరొద్దనిగానీ కార్మికుణ్ణి బలవంతం చెయ్యడం యూనియన్ చేసినా తప్పే. 1948 నాటి మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన కూడా యూనియన్ పెట్టుకునే, చేరే హక్కు ప్రతివాడికీ ఉందని ఒక అధికరణంలో చెప్పి, ఎవర్నీ ఏ సంఘంలోనూ బలవంతంగా చేర్చకూడదని ఇంకోదాంట్లో చెప్పింది.

లేబర్ ఆఫీసర్ దగ్గర కన్సిలియేషన్‌లో, అంటే ఆయన మధ్యవర్తిత్వంలో, కుదిరిన ఒప్పందం మెంబరైనా కాకపోయినా అక్కడున్న అందరికీ వర్తిస్తుంది. అది మీకు నష్టంలా కనిపిస్తోంది గానీ ఇంకోరకంగా ఆలోచించండి, మెంబర్లకి మాత్రమే జీతం పెంచే వీలుంటే వచ్చే ఏడాది మేనేజ్‌మెంట్ ఎవర్ని ఉద్యోగంలో పెట్టుకుంటుంది? తక్కువకి వచ్చే మెంబర్ కానివాణ్ణే. అందరికీ ఒకటే రేటు ఉండటం మీ ఉద్యోగానికే కాపలా.

చందా కట్టకుండా ఫలం తినేవాళ్ల గొడవ ప్రపంచమంతా ఉంది. అమెరికాలో 1947లోనే టాఫ్ట్-హార్ట్‌లీ చట్టంతో యూనియన్ మెంబర్‌నే పన్లో పెట్టుకోవాలన్న పద్ధతి తీసేశారు, 2018లో సుప్రీంకోర్టు ప్రభుత్వ ఉద్యోగుల్లో మెంబర్ కానివాళ్ల దగ్గర ఫీజు కూడా వసూలు చెయ్యకూడదంది. స్వీడన్, డెన్మార్క్ లాంటి చోట్ల దారి వేరే, నిరుద్యోగ బీమా నిధులు యూనియన్లతో ముడిపడి ఉండటంతో ఉద్యోగం పోతే ఎలా అన్న భయమే జనాన్ని యూనియన్ దగ్గరికి తెస్తుంది. మీరు ఆ స్థాయిలో చెయ్యలేరు గానీ చిన్నగా చెయ్యొచ్చు. మెమో వచ్చినవాడికి జవాబు రాసిపెట్టడం, పీఎఫ్ క్లెయిమ్ ఆగిపోతే తిరిగి చేయించడం, ఎంక్వయిరీలో పక్కన కూర్చోవడం, ఇవి మెంబర్లకే చెయ్యండి. జీతం పెరిగిన రోజు రానివాడు మెమో వచ్చిన రోజు వస్తాడు, నేను చూసినంతలో కొత్త సభ్యత్వాలు ఎక్కువగా వచ్చేది ఆ దార్లోనే. ఆ రోజు మాత్రం పాతవి తవ్వకుండా రసీదు రాసివ్వండి.

ప్రశ్న: అన్నా, నేను ప్యాకింగ్ సెక్షన్‌లో ఫిక్స్‌డ్ టర్మ్ మీద చేస్తున్నాను, ఏడాది ఏడాదికీ రెన్యూ చేస్తారు. యూనియన్ వాళ్లు మమ్మల్ని పలకరించరు, మీరు టెంపరరీ కదా అంటారు. మా లైన్‌లో ఒకమ్మాయి గేటు మీటింగ్‌కి వెళ్లిందని రెన్యూ చెయ్యలేదు. మాలాంటోళ్లకి యూనియన్ ఎందుకన్నా?

జవాబు: చెల్లీ, నీకు తియ్యగా చెప్పి పంపలేను. టర్మ్ అయిపోయాక రెన్యూ చెయ్యకపోతే దాన్ని చట్టం తీసెయ్యడం కింద లెక్కే వెయ్యదు, కాబట్టి ఆ అమ్మాయి కేసు గెలవాలంటే మీటింగ్‌కి వెళ్లినందుకే ఆపారని చూపించాలి, అది చాలా కష్టం. తన తర్వాత అదే పనిలోకి కొత్తవాళ్లని తీసుకున్నారా, తనకంటే వెనక చేరినవాళ్లకి రెన్యూ అయ్యిందా అన్నవి తేదీలతో రాసిపెట్టుకుంటే కొంత బలం.

నీకు వచ్చేవి మాత్రం గట్టిగా తెలుసుకో. అదే పని చేసే పర్మినెంట్ వాళ్లకున్న పనిగంటలు, జీతం, అలవెన్సులు, సదుపాయాల కంటే నీకు తక్కువ ఇవ్వకూడదు. గ్రాట్యుటీకి వాళ్లలాగ అయిదేళ్లు ఆగక్కర్లేదు, కొత్త కోడ్ ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లకి ఏడాది సర్వీసు చాలు. ఇరవైమంది గానీ అంతకుమించి గానీ ఉన్న చోట గ్రీవెన్స్ కమిటీ (ఫిర్యాదులు వినే కమిటీ) ఉండాలి, అందులో రెండువైపులా సమానంగా సభ్యులు, ఆడవాళ్లు పనిచేసే నిష్పత్తిలో ఆడవాళ్లూ ఉండాలి. మీ దగ్గర ఆ కమిటీ ఉందో, ఉంటే అందులో మీ ప్యాకింగ్ వాళ్లు ఎవరైనా ఉన్నారో కనుక్కో, నాకైతే నమ్మకం లేదు.

టెంపరరీ అని మిమ్మల్ని వద్దంటున్న యూనియన్ వాళ్లకి ఇది చదివి వినిపించు. రెన్యువల్ చేరిన తేదీ వరసలోనే జరగాలి, ఖాళీ వస్తే పాత ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లకే ముందు, ఈ రెండూ వచ్చే డిమాండ్ల పత్రంలో పెట్టించగలిగితే రెన్యువల్ అనే కర్ర మేనేజర్ చేతిలోంచి జారిపోతుంది. కోర్టు ఇవ్వలేనిది ఒప్పందం ఇవ్వగలదు. మన వి.వి. గిరి గారు జీవితమంతా వాదించింది ఇదే, కోర్టులూ ట్రిబ్యునళ్ల కంటే ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే మేలని, కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని సర్కారు మార్చిందని 1954లో పదవి వదిలేసి వచ్చిన మనిషి. ఒక్కదానివే వెళ్లి అడక్కు. లైన్‌లో నలుగురైదుగురు కలిసి, డ్యూటీ అయ్యాక, ఫ్యాక్టరీ బయట యూనియన్ వాళ్లని కలవండి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ సార్ నాది. నిన్న మీటింగ్ రూమ్‌కి పిలిచి సాయంత్రంలోపు రిజైన్ చెయ్యి, లేకపోతే టర్మినేట్ చేస్తాం, రిలీవింగ్ లెటర్ పాడవుతుంది అన్నారు. మాకు యూనియన్లు ఉండవు కదా, ఏం చెయ్యాలి?

జవాబు: ఉండవని ఎవరన్నారు? ఐటీకి యూనియన్ పెట్టకూడదని ఏ చట్టంలోనూ లేదు, రాజ్యాంగంలో 19(1)(సి) సంఘం పెట్టుకునే హక్కు పౌరులందరికీ ఇచ్చింది, మీవాళ్లు చేరరు అంతే. అది తర్వాత చూద్దాం, నీకు టైమ్ లేదు.

రిజైన్ బటన్ నొక్కకు. నువ్వే రాజీనామా చేస్తే నష్టపరిహారం అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది, వాళ్లు తొందరపెట్టేది అందుకే. వాళ్లే తీసేస్తే, నువ్వు చట్టం దృష్టిలో వర్కర్ అయ్యుండి ఏడాది సర్వీసు ఉంటే, నెల నోటీసు గానీ నెల జీతం గానీ, పైన సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం ఇవ్వాలి. టీమ్ లీడ్ అనో మేనేజర్ అనో డెసిగ్నేషన్ ఉన్నంత మాత్రాన భయపడకు, నిజంగా నువ్వు చేసే పని ఏంటన్నదే చూస్తారు, మనుషుల్ని పెట్టుకునే, తీసేసే, లీవు ఇచ్చే అధికారం నీకుందా లేక రోజంతా కోడ్ రాస్తున్నావా అన్నది.

ఇవాళ్టి పని ఇది. నిన్న మీటింగ్‌లో ఎవరెవరున్నారు, ఏమన్నారు, ఎన్నింటికి అన్నది హెచ్ఆర్‌కి మామూలు భాషలో మెయిల్ పెట్టు, "నాకు రాజీనామా చేసే ఉద్దేశం లేదు, పని చెయ్యడానికి సిద్ధంగా ఉన్నాను" అన్న వాక్యం అందులో ఉండాలి. ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, అప్రైజల్ రేటింగులు నీ దగ్గర లేకపోతే యాక్సెస్ తీసేలోపు తెచ్చుకో, కంపెనీ కోడ్ గానీ క్లయింట్ ఫైళ్లు గానీ ఒక్కటి కూడా పర్సనల్ మెయిల్‌కి పంపకు, అదే పట్టుకుని నీ మీద కేసు మార్చేస్తారు. రేపు పొద్దున్న లాగిన్ అవ్వకపోతే ఆ స్క్రీన్ ఫొటో తీసి మళ్లీ మెయిల్ పెట్టు. తీసేస్తే లేబర్ ఆఫీసులో కన్సిలియేషన్‌కి నువ్వొక్కడివే అప్లై చెయ్యొచ్చు, 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, తీసేసిన రోజు నుంచి రెండేళ్లలోపే వెళ్లాలి. నిన్న ఆ రూమ్‌కి నీతోపాటు ఇంకెవర్ని పిలిచారో వాళ్లందరికీ ఈ రాత్రే ఫోన్ చెయ్యి, వాళ్లు నొక్కేలోపు.